కూలివాని ముఖము



మన నెల్లూరు తీరములో తెల్లవారకముందే లేచేవారు ఎవరు? నాట్లకు, కలుపులకు పోయే స్త్రీలు, వల భుజాన వేసుకొని సముద్రము వైపు నడిచే పాలెముల వారు, ఇస్కపల్లి ఉప్పు మడులలో పని చేసేవారు. మన పళ్ళెములోని అన్నము, అందులోని ఉప్పు, ప్రక్కనున్న చేపల కూర, అన్నీ వీరి చేతుల మీదుగా వచ్చినవే. నూట యాభై, రెండు వందల సంవత్సరముల క్రిందట ఇవే పనులు చేసినవారు ఎట్లుండేవారు? రాజుల బొమ్మలు ఉన్నవి, జమీందారుల బొమ్మలు ఉన్నవి, దొరల బొమ్మలు ఉన్నవి. కూలివాని ముఖమును ఎవరైనా ఎదుట కూర్చుండి, శ్రద్ధగా చూచి, బొమ్మ వేశారా? ఈ ప్రశ్న మా మనస్సులో కొంతకాలముగా ఉన్నది. దీనిని గూర్చి మేము చదివి తెలిసికొన్న సంగతులను ఈ నెల మీతో పంచుకొనగోరుచున్నాము. ఇది బొమ్మలను గూర్చిన మాట మాత్రమే కాదు. మన ఇండ్లను, మన సంఘములను గూర్చిన మాట కూడా.

కాకిబంగారము మీది బొమ్మలు

18వ శతాబ్దపు చివరి భాగము నుండి 19వ శతాబ్దపు మధ్య వరకు తంజావూరు, తిరుచిరాపల్లి, మద్రాసు వంటి పట్టణములలో ఒక విధమైన బొమ్మలు బాగా అమ్ముడుపోయేవి. ఈస్టిండియా కంపెనీలో పని చేసే దొరలు వీటిని కొనేవారు గనుక ఇప్పుడు వీటిని కంపెనీ చిత్రములు అంటున్నారు. ఈ దేశపు మనుష్యులు ఎట్లుంటారో సీమలోని తమ వారికి చూపించుటకు ఆ దొరలు వీటిని పుస్తకములుగా కట్టించి పట్టుకొని పోయేవారు. సాధారణముగా ఒక్కొక్క కాగితము మీద ఒక జంట ఉంటుంది. వల పట్టుకొన్న జాలరి, గంప పట్టుకొన్న అతని భార్య. కల్లుకుండతో ఒక గీతకార్మికుడు, అతని భార్య. బట్టల మూటతో చాకలి దంపతులు. పల్లకి మోసే బోయీలు. చీరకట్టు ఎట్లుండెను, కొడవలి వంపు ఎట్లుండెను, తట్ట అల్లిక ఎట్లుండెను అనునవి ఈ బొమ్మలలో చక్కగా కనబడును. క్రింద వ్రాసిన అక్షరములు చూడగా కులము పేరు ఉంటుంది, పని పేరు ఉంటుంది. మనిషి పేరు మాత్రము ఉండదు.

ఈ బొమ్మలలో కొన్నిటిని కాగితము మీద గాక అభ్రకపు రేకుల మీద వేసేవారు. మన వాళ్ళు కాకిబంగారము అంటారే, అదే. గూడూరు, సైదాపురము ప్రాంతములలో గనుల నుండి తవ్విన ఖనిజము గనుక మన పాఠకులకు దీనిని గూర్చి వేరే చెప్పనక్కరలేదు. గనిలో నుండి వచ్చిన పలకను కత్తితో పొరలు పొరలుగా విడదీస్తే అద్దము వలె అవతలి వస్తువు కనబడేంత పలుచని రేకులు వచ్చును. మన స్త్రీలెందరో ఆ రేకులు తీసే పనిలో బ్రదికారు. ఆ రేకు మీద రంగు వేస్తే మెరుపు వచ్చును, ధర కూడా తక్కువ. కాబట్టి కొనేవారు చాలామంది ఉండిరి.

ఇందులో మమ్మును ఆలోచింపజేసిన సంగతి ఒకటి ఉన్నది. కొన్ని కట్టలలో ఒక అట్ట మీద ఒకే ఒక ముఖమును చిత్రించి పెట్టేవారు. దానితో పాటు చాలా అభ్రకపు రేకులు ఇచ్చేవారు. ఆ రేకుల మీద రకరకముల వారి వస్త్రములు, పనిముట్లు ఉండును గాని ముఖము ఉండవలసిన చోట ఖాళీ ఉండును. ఒక రేకు తీసి అట్ట మీద పెడితే ఆ ముఖము ఒక పనివాడగును. అది తీసి మరొకటి పెడితే అదే ముఖము మరొక పనివాడగును. సాయంకాలము దొరల ఇండ్లలో అది ఒక వినోదము. ఆ వినోదము వెనుక ఉన్న తలంపు ఏమిటో చూడండి. బట్ట మారితే చాలు, పనిముట్టు మారితే చాలు, ముఖము ఎవరిదైనా ఒకటే. పనివాడు అనగా అతని గుడ్డ, అతని పనిముట్టు, అంతే.

మదురైలో అమెరికా మిషనరీల ఇంగ్లీషు పాఠశాల ఒకటి ఉండెను. అక్కడ వ్రాత నేర్పే ఈ దేశస్థుడైన ఉపాధ్యాయుడు 1837లో ఇటువంటి బొమ్మల పుస్తకము ఒకటి కూర్చాడు. అది రెవరెండ్ విలియం ట్వైనింగు అనే బోధకునికి కానుకగా వెళ్ళినది. ఇప్పుడు అమెరికాలోని యేలు విశ్వవిద్యాలయపు గ్రంథాలయములో ఉన్నది. అందులో డెబ్బది రెండు రకముల వారి బొమ్మలు ఉన్నవి, అవి అభ్రకము మీద వేసినవే. అనగా మన ప్రజలను గూర్చి తెలిసికొనవలెనని సేవకులు కూడా ఆశపడ్డారు. అది మంచి ఆశయే. అయితే డెబ్బది రెండు రకములను తెలిసికొనుట వేరు, ఒక్క మనిషిని తెలిసికొనుట వేరు.

ఆ చిత్రకారులను మేము నిందించుట లేదు. వారు కూడా కూలికి పని చేసినవారే. కొనేవాడు అడిగినట్లు వేసి ఇచ్చి పొట్టపోసికొన్నారు. వారిలో చాలామంది పేర్లు కూడా ఆ బొమ్మల మీద లేవు.

పరిగె ఏరుకొను స్త్రీలు

ఆ కాలములోనే ఐరోపాలో కొందరు చిత్రకారులు పొలములో పని చేసేవారి వైపు తిరిగారు. వారిలో ముఖ్యుడు ఫ్రాన్సు దేశస్థుడైన జాన్ ఫ్రాన్స్వా మిలే. ఇతడు 1814లో నార్మండీ సముద్రతీరములోని ఒక పల్లెలో వ్యవసాయదారుల ఇంట పుట్టినవాడు. బాల్యములో తానే పొలము పని చేసినవాడు. తరువాత బార్బిజోను అనే గ్రామములో కాపురముండి, 1875లో అక్కడనే చనిపోయాడు. విత్తువాడు, గడ్డపార వంటి గొర్రు మీద ఆనుకొని నిలుచున్న కూలివాడు, ఉర్లగడ్డల పొలములో సాయంకాలపు గంట విని తల వంచి ప్రార్థించు దంపతులు, ఇటువంటివి అతని చిత్రములు. చివర చెప్పిన దాని అచ్చు ప్రతులు మన క్రైస్తవ గృహములలో గోడల మీద కూడా అక్కడక్కడ కనబడును.

రూతు కథ అతనికి ప్రియమైనది. కోత కూలీలు విశ్రాంతిగా కూర్చున్న చోటికి ఒక ఆసామి సిగ్గుపడుచున్న ఒక పేద స్త్రీని తోడుకొని వచ్చుట అతడు చిత్రించి 1853లో పారిసులో ప్రదర్శించాడు. అది రూతు, బోయజుల చిత్రము. తరువాత 1857లో పరిగె ఏరుకొను స్త్రీలు అనే చిత్రమును ప్రదర్శించాడు. కోసిన గోధుమ పొలములో ముగ్గురు స్త్రీలు. ఇద్దరు పూర్తిగా వంగి ఉన్నారు, మూడవ ఆమె సగము వంగి ఉన్నది. వెనుక దూరముగా పెద్ద పెద్ద కుప్పలు, బండి, గుర్రము మీద ఒక పెత్తనదారు. పారిసు పెద్దలలో కొందరికి ఆ చిత్రము నచ్చలేదు. పేదవారిని అంత పెద్దగా, అంత గంభీరముగా చూపించుట ఎందుకని వారి కోపము. 1848 నాటి విప్లవము వారికింకా జ్ఞాపకమున్నది.

ఈ చిత్రపు అచ్చు ప్రతిని మేము ఒక గ్రామములో స్త్రీల కూడికలో చూపించాము. వీరు ఏమి చేస్తున్నారని మేము అడుగకముందే వెనుక వరుసలో నుండి జవాబు వచ్చినది.

"పరిగేరకుంటా ఉండారు అయ్యగారా."

"ఆ ఎడమ పక్క ఆమె చెయ్యి నడుం మీద పెట్టుకోనుండాది చూడండి. నడుం పట్టేసినట్టుంది" అన్నది ఒక అవ్వ.

ప్రక్కనున్న ఆమె ఒప్పుకొనలేదు. "కాదత్తా, ఏరిన ఎన్నులు ఆ చేతిలో పట్టుకోనుండాది. కిందికి దించితే జారిపోవా?"

ఆమె చెప్పినదే నిజము. మేము పుస్తకములలో చదివి తెలిసికొన్నదానిని ఆమె తన అనుభవముతో ఒక్క చూపులో తెలిసికొన్నది. ఇంతలో ఒక చిన్నది అడిగినది, "అయ్యగారా, వీళ్ళ మొహాలు సరిగ్గా కనపళ్లేదే?"

దానికి జవాబు మేము చెప్పలేదు, ఆ అవ్వే చెప్పినది. "వొంగిన మనిషి మొహం ఎవురికి కనపడద్దే అమ్మయ్యా? మేం నాట్లేసేటప్పుడు గట్టు మీదుండే ఆసామికి మా ఈపులేగా కనపడేది."

ఆ మాట విన్న తరువాత ఆ చిత్రమును మేము వేరుగా చూచుచున్నాము. మిలే ఆ స్త్రీల బరువును, వారి ఓర్పును, వారి గౌరవమును చూపించాడు. వారి ముఖములను మాత్రము నీడలోనే ఉంచాడు. ఆ ప్రార్థించు దంపతుల ముఖములు కూడా నీడలోనే ఉన్నవి. బోయజు చేసినది ఇంతకంటె ఒక అడుగు ముందున్నది. తన పొలములో వంగి పరిగె ఏరుచున్న పరదేశి స్త్రీని చూచి, ఈమె ఎవరి సంబంధురాలని పనివారి మీదనున్న వానిని అడిగాడు. తరువాత ఆమెతోనే మాట్లాడాడు. భోజన సమయములో పిలిచి కూలీల ప్రక్కను కూర్చుండబెట్టాడు. వీపును మాత్రమే చూచేవాడు ఆ ప్రశ్న అడుగడు.

బోధకుని కుమారుడు వేసిన ముఖములు

ఆ ముఖములను వెలుగులోనికి తెచ్చినవారిలో ఒకడు మిలే యొక్క చిత్రములను గురువుగా భావించినవాడే. అతని పేరు విన్సెంట్ వాన్ గో. హాలెండు దేశములో 1853లో ఒక ప్రొటెస్టెంటు బోధకుని ఇంట పుట్టాడు. తండ్రి వలె తాను కూడా సువార్త పరిచర్య చేయవలెనని కోరి, 1878 చివర బెల్జియములోని బొగ్గుగనుల ప్రాంతమునకు వెళ్ళాడు. అక్కడ తనకున్న బట్టలు పేదలకిచ్చి, గనిపనివారి వలె నేల మీద పడుకొని జీవించాడు. అతనిని పంపిన కమిటీవారికి ఆ పద్ధతి నచ్చక 1879లో అతని పనిని పొడిగించలేదు. ఆ మరుసటి సంవత్సరము నుండి అతడు చిత్రకళకు తన్ను తాను అప్పగించుకొన్నాడు.

1883 డిసెంబరులో తన తండ్రి సేవచేయుచున్న న్యూనెన్ అనే పల్లెకు వచ్చాడు. అక్కడ 1884-85 శీతకాలములో పొలము కూలీల ముఖములను ఒక్కొక్కటిగా చిత్రించుట మొదలుపెట్టాడు. పూర్తి మనిషి కాదు, పనిముట్టు కాదు, తల వరకే. కొద్ది నెలలలో సుమారు నలుబది ముఖములు వేశాడు. తెల్ల టోపీ పెట్టుకొన్న స్త్రీలు, నల్ల టోపీ పెట్టుకొన్న స్త్రీలు, ముడతలు పడిన ముసలివారు. చీకటి గుడిసెలలో దీపపు వెలుగులో కూర్చుండి వేశాడు. రంగులు కూడా మట్టి అంటిన ఉర్లగడ్డ తొక్క రంగులే. అందమైన ముఖములను అతడు వెదకలేదు. పెద్ద దవడ, మొద్దు ముక్కు, ఎండకు కమిలిన చర్మము, ఉన్నదున్నట్లు వేశాడు. అట్లు కూర్చున్నవారికి కొద్దో గొప్పో కూలి కూడా ఇచ్చేవాడు. వారు ఆ పొద్దు పని మానుకొని కూర్చున్నారు గదా.

ఆ మార్చిలో అతని తండ్రి ఆకస్మికముగా చనిపోయాడు. ఆ దుఃఖములోనే ఏప్రిల్, మే నెలలలో ఉర్లగడ్డలు తినువారు అనే పెద్ద చిత్రమును ముగించాడు. ఒక దీపము క్రింద ఒక కుటుంబము ఒకే పళ్ళెములో నుండి తినుచున్నది. ఆ పళ్ళెములో పెట్టిన చేతులే భూమిని తవ్విన చేతులని, వారు తమ ఆహారమును న్యాయముగా సంపాదించుకొన్నారని తెలియజేయుటకే ఆ చిత్రము వేశానని తమ్మునికి ఉత్తరము వ్రాశాడు. ఆ కుటుంబము పేరు డి గ్రూట్. వారిలో గోర్డీనా అనే యౌవనస్త్రీ ముఖమును అతడు అనేకసార్లు వేశాడు. ఇప్పుడు మ్యూజియములలో ఆమె బొమ్మ క్రింద ఆమె పేరే వ్రాసి ఉన్నది. నూట నలుబది సంవత్సరముల తరువాత, సముద్రముల కివతల, నెల్లూరు తీరములో కూర్చున్న మనము కూడా ఒక హాలెండు కూలిమనిషి పేరు తెలిసికొన్నాము.

అభ్రకపు రేకుల కట్టలో ఒకే ముఖము అనేక వృత్తులకు సరిపోయినది. ఇక్కడ ఒకే వృత్తిలో నలుబది వేరు వేరు ముఖములు కనబడినవి. ఈ రెంటికి మధ్యనున్న భేదము చేతి నైపుణ్యములో లేదు. ఎదుటివానిని రకముగా చూచుటకును, మనిషిగా చూచుటకును ఉన్న భేదమది.

2,222 మందిలో ఎవరి పేరు తెలుసు?

ఇప్పుడు మన తీరమునకు వద్దాము. 1876-78లో వచ్చిన గొప్ప కరువును మన పెద్దలు ధాత కరువు అనేవారు. అప్పుడు కరువు పనిగా తీరము వెంబడి కాలువ తవ్వించారు. అదే పెదగంజాము నుండి దక్షిణమున మరక్కాణము వరకు పోవు బకింగుహాము కాలువ. అప్పటి నెల్లూరు జిల్లాలోనే ఉన్న ఒంగోలులో సేవచేయుచున్న క్లౌ దొరగారు ఆకలిగొన్నవారికి పని దొరకవలెనని దానిలో మూడున్నర మైళ్ళు గుత్తకు తీసికొని తవ్వించారు. వేలమంది మన పితరులు తట్టలు మోసి, మట్టి తీసి ఆ కూలితో ప్రాణము నిలుపుకొన్నారు. కరువు తీరిన తరువాత 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందారు.

ఈ సంఖ్య మనకు కంఠస్థము. సండే స్కూలు పిల్లలు కూడా చెప్పుదురు. ఆ 2,222 మందిలో రెండు పేర్లు చెప్పుమంటే మనలో ఎంతమందిమి చెప్పగలము? అంతకు ముందే 1866లో బాప్తిస్మము పొందిన యెర్రగుంట్ల పేరయ్యగారి పేరు చెప్పి ఆగిపోవుదుము.

ఆ కరువులోని కూలివారి ముఖములు ఒకచోట ఉన్నవి. మద్రాసు సైన్యములోని హూపరు అనే అధికారి కెమెరాతో తీసిన ఫోటోలలో ఎముకలు తేలిన పురుషులు, స్త్రీలు, పిల్లలు వరుసగా కూర్చుండి ఉందురు. వారి పేర్లు లేవు. తరువాత మద్రాసు మ్యూజియము అధికారి థర్‌స్టన్‌గారు దక్షిణ దేశపు కులములను, తెగలను గూర్చి 1909లో ఏడు సంపుటములు ప్రచురించారు. మన యానాది సోదరులను గూర్చి కూడా అందులో ఉన్నది. తలల కొలతలు, ముక్కుల కొలతలు తీసిన కాలమది. ముఖమును చూచుటకు బదులు ముఖమును కొలిచారు.

వీటికి భిన్నమైనది ఒక్కటి మన యొద్దనే ఉన్నది. పాత సంఘములలో బీరువా అడుగున చెదలు కొట్టుచున్న బాప్తిస్మపు రిజిస్టరు. ఆసామి లెక్కల పుస్తకములో ఆడకూలీలు ఇంతమంది, మగకూలీలు ఇంతమంది అని సంఖ్య ఉండును. మన రిజిస్టరులో అదే స్త్రీకి పేరు ఉన్నది, ఊరు ఉన్నది, తేదీ ఉన్నది. బొమ్మలలో ముఖమున్నది గాని పేరు లేదు. రిజిస్టరులో పేరున్నది గాని ముఖము లేదు. ఆ రెండును ఒక చోట చేరిన కూలిమనిషి మన చరిత్రలో బహు అరుదు.

ఈ దినము మన ఇండ్లలో

ఇది గడచిన కాలపు సంగతి అనుకొనవద్దు. సేవకులముగా మేము అనేక సమాధి కూడికలకు వెళ్ళుచుంటాము. నలుబది సంవత్సరములు నాట్లు వేసి, పిల్లలను చదివించిన తల్లి చనిపోవును. శవపేటిక దగ్గర పెట్టుటకు ఫోటో కావలెను. ఇల్లంతా వెదుకుదురు. పెండ్లి ఫోటోలలో ఆమె వంట దగ్గర ఉన్నది గనుక పడలేదు. చివరకు ఆధారు కార్డు మీది చిన్న ఫోటోను స్టూడియోలో పెద్దది చేయించి, వెనుక నీలిరంగు వేయించి, మెడలో లేని నగ పెట్టించి తెచ్చెదరు. మనవలు దానిని చూచి, "ఇది మా నాయనమ్మేనా?" అని అడుగుట మేము విన్నాము. ప్రతి చేతిలో కెమెరా ఉన్న ఫోను ఉన్న ఈ దినములలోనే ఈ స్థితి. అది ఫోనులో కెమెరా లేనందున కాదు, ఆమె వైపు త్రిప్పువారు లేనందున.

ఇంకొక సంగతి. మన పొలములలోనికి వరికోత యంత్రములు వచ్చినవి. కొడవలి పట్టిన చేతులు, పరిగె ఏరిన చేతులు ఒక్కొక్కటిగా వెళ్ళిపోవుచున్నవి. ఆ పనిని, ఆ పని చేసినవారిని జ్ఞాపకముంచుకొను చివరి తరము బహుశా మనమే.

కాబట్టి ప్రియులారా, చిత్రకారులము కాకపోయినను మనము చేయగల పనులు కొన్ని ఉన్నవి. మీ ఇంటిలో పెద్దవారు బ్రదికియుండగానే వారిని వెలుగులో కూర్చుండబెట్టి ఒక ఫోటో తీయండి. పండుగ చీర కట్టించనక్కరలేదు, పనికి పోవు చీరతోనే తీయండి. నిదానముగా తీయండి, వారితో మాట్లాడుచు తీయండి. దానిని ఫోనులో వదలక అచ్చు వేయించి, వెనుక పేరు, ఊరు, చేసిన పని, సంవత్సరము వ్రాయండి. పాత ఫోటోలుంటే అందులోనివారు ఎవరో చెప్పగల పెద్దలు ఉండగానే అడిగి వ్రాసికొనండి. సంఘపెద్దలు మందిరపు గోడ మీద దాతల ఫోటోలు, సేవకుల ఫోటోలు పెట్టుచున్నారు, మంచిదే. ముప్పది సంవత్సరములు ఆ మందిరమును ఊడ్చిన తల్లి ఫోటో కూడా పేరుతో వాటి ప్రక్కను పెట్టండి. రిజిస్టరులను చెదలు తినకముందే మంచి కాగితము మీద తిరిగి వ్రాయించండి.

పొలమున్న సహోదరులకు ఒక మాట. రేపు గట్టు మీద నిలుచున్నప్పుడు మీ మడిలో ఎందరు వంగి ఉన్నారో లెక్కపెట్టుటతో ఆగిపోకండి. సద్ది మూట విప్పు వేళకు వారి దగ్గరకు వెళ్ళండి. అప్పుడు వారు నడుము ఎత్తి కూర్చుందురు, వారి ముఖములు కనబడును. పేరు అడగండి. మరుసటి దినమున ఆ పేరుతోనే పిలవండి.